గంటకోసారి క్యాష్ ఖాళీ చేసే క్రాన్ జాబ్: ఉంచాలా, తీసేయాలా?

కొత్త_అడ్మిన్: 16 జీబీ ర్యామ్ ఉన్న ఉబుంటు సర్వర్. మెమరీ లెక్క చూపే ఫ్రీ కమాండ్ కొడితే "ఫ్రీ" కాలమ్‌లో ఎప్పుడూ చాలా తక్కువే ఉంటోంది. నాకు ముందు ఇది చూసుకున్నాయన డ్రాప్ క్యాషెస్ ఫైల్లో గంటకోసారి 3 రాసి ర్యామ్‌లోని క్యాష్‌ను ఖాళీ చేయించే క్రాన్ (వేళకు దానంతటదే నడిచే పని) పెట్టి వెళ్లారు. తీసేయమని టీమ్‌లో కొందరు, ముట్టుకోవద్దని కొందరు. ఏం చేయమంటారు?

కన్సోల్_కాపలా: తీసేయండి. చూడాల్సింది "ఫ్రీ" కాదు, "అవైలబుల్". పనిలేని ర్యామ్‌లో కెర్నల్ (లినక్స్ మూల భాగం) డిస్క్ ఫైళ్లను క్యాష్‌గా ఉంచుకుంటుంది, ప్రోగ్రాములకు కావాల్సి వస్తే వదిలేస్తుంది. అలా ప్రోగ్రాములకు ఎంత దొరుకుతుందో అంచనా చెప్పడానికే 2014లో 3.14 కెర్నల్‌లో మెమ్‌అవైలబుల్ చేర్చారు. గంటకోసారి తుడిచేస్తే డేటాబేస్ ఫైళ్లన్నీ మళ్లీ డిస్క్ నుంచే చదవాలి. టెస్టింగ్, డీబగ్గింగ్‌కు తప్ప దీన్ని వాడటం మంచిది కాదని కెర్నల్ డాక్యుమెంటేషనే చెబుతోంది.

బ్యాకప్_డ్యూటీ: అన్నా, అంత గట్టిగా కొట్టిపారేయకండి. మా దగ్గర రాత్రి బ్యాకప్ లక్షల ఫైళ్లు తిరగేస్తుంది. స్లాబ్ (కెర్నల్ తన సొంత లెక్కలకు వాడుకునే మెమరీ) ఉబ్బిపోయి తెల్లారేసరికి అలర్టులు మోగేవి. బ్యాకప్ అవగానే ఒక్కసారి ఖాళీ చేస్తున్నాం, ఇప్పుడు టెన్షన్ లేదు.

కన్సోల్_కాపలా: ఆ అలర్ట్ దేన్ని కొలుస్తోంది తమ్ముడూ? స్లాబ్‌లోని డెంట్రీ, ఐనోడ్ (ఫైళ్ల పేర్లు, వివరాల) క్యాష్‌లను అవసరం పడితే కెర్నలే తగ్గిస్తుంది. స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ జాగా) ఉంటే వీఎంస్టాట్‌లో ఎస్ఐ, ఎస్ఓ (స్వాప్ నుంచి వచ్చేది, స్వాప్‌లోకి పోయేది) చూడు. అవి సున్నా దగ్గరే ఉంటే మార్చాల్సింది అలర్ట్‌ని.

పోస్ట్‌గ్రెస్_డీబీఏ: ఇద్దరూ ఒకటి వదిలేశారు. ఫ్రీ కమాండ్ చూపే "బఫ్/క్యాష్"లో ఉన్నదంతా వదిలించుకోగలిగేది కాదు. టీఎంపీఎఫ్ఎస్ (ర్యామ్‌లోనే ఉండే ఫైల్ సిస్టమ్) ఫైళ్లు, డేటాబేస్ అయిన పోస్ట్‌గ్రెస్ షేర్డ్ బఫర్లు అందులోకే వస్తాయి, డ్రాప్ క్యాషెస్ వాటి జోలికి పోదు. కొత్త అడ్మిన్ గారూ, క్రాన్ నడిచిన వెంటనే "ఫ్రీ" ఎంత ఉంటోంది? అప్పుడూ పెరగకపోతే "షేర్డ్" కాలమ్ చూడండి. తెరిచి ఉన్న ఫైళ్లను చూపే ఎల్ఎస్ఓఎఫ్‌కు ప్లస్ ఎల్ 1 ఇచ్చి కూడా చూడండి. డిలీట్ చేసినా ఏదో ప్రాసెస్ తెరిచి పట్టుకున్న ఫైళ్లు బయటపడతాయి. మామూలు డిస్క్ మీదైతే డీఎఫ్‌కూ డీయూకూ (డిస్క్ వాడకం చూపే, ఫైళ్ల సైజులు కూడే కమాండ్లకు) లెక్క కుదరదు, టీఎంపీఎఫ్ఎస్ మీదైతే ర్యామే పోతుంది.

కొత్త_అడ్మిన్: క్రాన్ నడిచాక కూడా పెద్దగా పెరగలేదండీ. షేర్డ్ 9 జీబీ! డెవ్ ఎస్‌హెచ్ఎం అనే టీఎంపీఎఫ్ఎస్‌లో డిలీట్ చేసిన పెద్ద లాగ్ ఫైలును మా రిపోర్టు సర్వీసు ఇంకా పట్టుకుని ఉంది. సర్వీసు రీస్టార్ట్ చేయగానే "అవైలబుల్" పెరిగింది. క్రాన్ తీసేస్తున్నాను.

బ్యాకప్_డ్యూటీ: మీ కేసులో సరే. నా బ్యాకప్ సర్వర్‌లో మాత్రం ముందు అలర్ట్ మారుస్తాను, నెల చూశాకే క్రాన్ సంగతి.