నలుగురం, 40 రోజులు, 14 నగరాలు: తిరిగి వచ్చేసరికి స్నేహం మిగులుతుందా?

గౌతమీతీరం:

కాకినాడలో ఇంజినీరింగ్ కలిసి చదివిన నలుగురం. ఒకడు బెంగళూరులో, ఇద్దరు హైదరాబాద్‌లో ఉన్నారు. నేను రాజమహేంద్రవరంలో ఇంటి నుంచే పని చేస్తున్నాను. వచ్చే మే, జూన్ నెలల్లో 40 రోజులు యూరప్ తిరుగుదామని అనుకున్నాం. ఇద్దరికి సెలవు దొరికింది, మిగతా ఇద్దరం రాజీనామా చేస్తున్నాం. వీపున ఒక్కో సంచి, హాస్టళ్లలో పడక, ఊరికీ ఊరికీ మధ్య రైలు. పారిస్, బ్రస్సెల్స్, ఆమ్‌స్టర్‌డామ్, బెర్లిన్, ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్, వెనిస్, ఫ్లారెన్స్, రోమ్, నీస్, బార్సిలోనా, మాడ్రిడ్, లిస్బన్. ఇదీ జాబితా.

రైలు పాస్ కొనాలా, వీసాకు ఏ దేశానికి దరఖాస్తు పెట్టాలి అన్నవి చిన్న సందేహాలు. పెద్దది వేరే ఉంది. మాలో ఒకడు శాకాహారి, గుడ్డు కూడా ముట్టడు. ఒకడికి పదింటికి ముందు తెల్లవారదు. ఒకడు పైసా పైసా లెక్క రాస్తాడు. నేను మ్యూజియంలో అడుగుపెడితే సాయంత్రం దాకా బయటికి రాను. పోయిన డిసెంబరులో గోకర్ణ వెళ్తే మూడో రోజుకే మాటలు ఆగిపోయాయి. ఇక 40 రోజులంటే? స్నేహితులతో ఇలా వెళ్లి వచ్చినవారు ఉంటే చెప్పండి.

నిబంధనలరావు:

వీసా సంగతి వరకు చెబుతాను. ఏ దేశంలో ఎక్కువ రాత్రులు ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. అన్నిచోట్లా సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. కాబట్టి దారి తేలకుండా దరఖాస్తు నింపకండి. షెంజెన్ ప్రాంతంలో, అంటే ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల్లో, ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు, మీకు ఆ ఇబ్బంది లేదు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. పెద్దవాళ్లకు రుసుము 90 యూరోలు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు. వేసవికి గిరాకీ ఎక్కువ, ఇప్పుడే మొదలుపెట్టండి. స్నేహం గురించి నేను చెప్పగలిగింది లేదు, నేను ఒంటరిగానే తిరుగుతాను.

నల్లసంచి:

తమ్ముడూ, మీ జాబితా చూస్తే 2019లో మా జాబితా గుర్తుకు వచ్చింది. మేమూ నలుగురం, అందరం ఆడవాళ్లమే, గుంటూరు స్నేహాలు. 47 రోజుల్లో 13 ఊళ్లు అనుకుని ఎనిమిది చూసి వచ్చాం. చూడని ఆ ఐదింటి గురించి ఇంతవరకు ఎవరూ బాధపడలేదు.

ఊరు మారే రోజు ఎలా ఉంటుందో చెబుతాను. ఉదయం పదింటికి గది ఖాళీ చేయమంటారు. కొత్త ఊళ్లో మధ్యాహ్నం మూడైతే గాని పడక ఇవ్వరు. మధ్యలో ఆకలి, నిద్రలేమి, వీపున 11 కిలోలు. మా గొడవలన్నీ ఆ వేళలోనే జరిగాయి. గోకర్ణలో మీ మాటలు ఆగింది కూడా బహుశా బయలుదేరే రోజునే అయి ఉంటుంది. 14 ఊళ్లంటే అలాంటి రోజులు 13 కొని తెచ్చుకోవడమే.

మా పెద్ద గొడవ మాత్రం ప్రాగ్‌లో. ట్రామ్ ఎక్కాం, టికెట్లు చేతిలోనే ఉన్నాయి. లోపల పసుపు రంగు పెట్టెలో దూర్చి ముద్ర వేయించుకోవాలని మాకు తెలియదు. ముద్ర పడని టికెట్ అక్కడ ఉత్త కాగితం. మామూలు చొక్కాలో పక్కన నిలబడి ఉన్న పెద్దమనిషి జేబులోంచి తనిఖీ అధికారి బిళ్ల తీసి చూపించాడు. నలుగురికీ జరిమానా. తప్పు మాదే, టికెట్ మీద రాసే ఉంది. కానీ ఆ రాత్రి "టికెట్లు కొన్నది నువ్వే కదా" అన్న మాటతో మొదలై, బెర్లిన్‌లో నేను తిన్న చీజ్ రొట్టె 3 యూరోల 80 సెంట్ల దాకా వెళ్లింది. ఒకామె ఫోనులో రాసుకున్న పద్దు పైకి చదివింది. నిజానికి ఆ రొట్టెలో సగం ఆమే తిన్నది.

మర్నాడు జిప్పు ఉన్న చిన్న సంచి ఒకటి కొన్నాం. ప్రతి ఆదివారం తలా 200 యూరోలు అందులో వేయాలి. గది, బియ్యం, కూరగాయలు, ట్రామ్ టికెట్లు అందులోంచి. కాఫీ, ఐస్‌క్రీమ్, మ్యూజియం ఎవరివి వారివి. ఖాళీ అయితే మళ్లీ సమానంగా వేయడమే, ఎవరు ఎన్ని ముద్దలు తిన్నారన్న ప్రసక్తి లేదు. ఆ సంచిని మీ లెక్కల స్నేహితుడికే అప్పగించండి. మా పద్దుల మనిషికి ఇచ్చాక ఆమె రాయడమే మానేసింది.

వియన్నాలో జరిగింది కావాలని చేసింది కాదు. అలకలు తీరక ఉదయమే ఎవరి దారిన వారు పోయాం. నేను కళాచరిత్ర మ్యూజియంలో చిత్రకారుడు బ్రూగెల్ గదికి వెళ్లి, 1565లో ఆయన వేసిన "మంచులో వేటగాళ్లు" ముందు కూర్చున్నాను. తోడు ఎవరైనా ఉంటే పది నిమిషాలకే "ఇక పోదామా" అనేవారు. చాలాసేపు చూశాక గాని ఎడమవైపు ఇంటి ముందు మంట పెట్టుకున్నవాళ్లు, దూరాన గడ్డకట్టిన చెరువు మీద చీమలంత మనుషుల ఆటలు కనపడలేదు. వేటగాళ్లు ముగ్గురు, వెనక కుక్కల గుంపు, ఇంత చేసి భుజాన వేలాడుతున్నది ఒకే ఒక నక్క. మా యాత్ర కూడా ఇలాగే ఉందని ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

రాత్రి ఏడింటికి హాస్టల్ వంటగదిలో కలిశాం. ఒకామె ట్రామ్‌లో చివరి స్టాపు దాకా వెళ్లి ద్రాక్షతోటలు చూసి వచ్చింది. ఇంకొకామె మధ్యాహ్నం దాకా పడుకుని, తరువాత డాన్యూబ్ ఒడ్డున నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుందట. మూడో ఆమె బట్టలు ఉతికే దుకాణంలో ఒక ముసలావిడ దగ్గర దుప్పటి మడత నేర్చుకుంది. అన్నం చల్లారిపోయినా మాటలు అయిపోలేదు. అంతకుముందు రెండు వారాలూ నలుగురం ఒకటే చూశాం, ఇంక ఒకరికొకరం చెప్పుకునేది ఏముంటుంది? అప్పటినుంచి ప్రతి మూడో రోజు ఎవరి దారి వారిది, రాత్రి భోజనం మాత్రం కలిసే అని పెట్టుకున్నాం. ఆలస్యంగా లేచే మీవాడికీ, మ్యూజియం వదలని మీకూ ఇంతకన్నా మందు లేదు.

వంటగది ఉన్న హాస్టల్ చూసుకోండి, శాకాహారికి అదే దిక్కు. ప్రాగ్‌లో వేయించిన చీజ్ చూసి సంబరపడతాడేమో, పైపూతలో గుడ్డు ఉంటుంది.

రొట్టెముక్క:

నేను జర్మనీలో, మాగ్డెబర్గ్‌లో చదువుకుంటున్నాను. నల్లసంచి అక్క చెప్పిన దానికి రైళ్ల సంగతి కలుపుతాను. యూరైల్ పాస్ 33 దేశాల్లో చెల్లుతుంది. 27 ఏళ్ల దాకా యువజన ధర, మీలో ఎవరికైనా 28 వచ్చేస్తే అతనికి పెద్దల ధరే. పాస్ ఉంటే చాలు ఏ రైలైనా ఎక్కేయవచ్చు అనుకోకండి. ఫ్రాన్స్, స్పెయిన్, ఇటలీ వేగపు రైళ్లలో సీటుకు విడిగా డబ్బు కట్టి రిజర్వు చేసుకోవాలి. ఫ్రాన్స్‌లో పాస్ ఉన్నవాళ్లకు కేటాయించే సీట్లు త్వరగా అయిపోతాయి. జర్మనీ, ఆస్ట్రియాల్లో పగటి రైళ్లు చాలావరకు నేరుగా ఎక్కవచ్చు. రాత్రి రైలు అర్ధరాత్రికి ముందు ఎక్కి, మధ్యలో మారకుండా దిగితే, రోజుల లెక్కన కొనే పాస్‌లో ఒక్క రోజే ఖర్చు అవుతుంది. ఊళ్లు తగ్గిస్తే ముందుగా కొన్న విడి టికెట్లే చవక కావచ్చు, రెండూ పోల్చి చూడండి.

ఇంకొకటి, జర్మనీలో ఆదివారం సరుకుల దుకాణాలు దాదాపు అన్నీ మూసేస్తారు. శనివారమే బియ్యం కొనండి. నేను వచ్చిన మొదటి ఆదివారం బిస్కెట్లతో గడిపాను.

గౌతమీతీరం:

అందరికీ ధన్యవాదాలు. అక్కా, మీరు అన్నట్టే గోకర్ణలో గొడవ జరిగింది గది ఖాళీ చేశాక, బస్సు కోసం ఎదురుచూస్తున్నప్పుడు. నిన్న రాత్రి ఫోనులో రెండు గంటలు కూర్చుని జాబితా కోశాం. పారిస్ 6, బెర్లిన్ 6, ప్రాగ్ 5, వియన్నా 5, బుడాపెస్ట్ 5, వెనిస్ 3, ఫ్లారెన్స్ 4, రోమ్ 6. ఇటలీలోనే 13 రాత్రులు కాబట్టి దరఖాస్తు ఇటలీకే. బార్సిలోనా తీసేస్తే రానని ఒకడు భీష్మించాడు. పారిస్ నుంచి వాడు ఒక్కడే వెళ్లి బెర్లిన్‌లో మమ్మల్ని కలుస్తాడు. ఆశ్చర్యం, ఎవరూ అలగలేదు. ఉమ్మడి సంచి తనకు ఇస్తామనగానే లెక్కల మనిషి ముఖం వెలిగిపోయింది.

చివరి సందేహం. అమ్మ ఇప్పటినుంచే కందిపొడి, ఆవకాయ, నెయ్యి, కరివేపాకు అంటోంది. ఏవి తీసుకువెళ్లవచ్చు?

నల్లసంచి:

కందిపొడి హాయిగా పట్టుకెళ్లండి. ఆవకాయ అయితే లోపలికి తీసుకెళ్లే సంచిలో వద్దు, 100 మిల్లీలీటర్ల నియమం దానికీ వర్తిస్తుంది. ఒక్క సంచి విమానం అడుగుకు వేసి అందరి సీసాలూ అందులో సర్దండి, మూతకు మైనపు కాగితం చుట్టి. పచ్చి కరివేపాకు ధ్రువపత్రం లేకుండా రానివ్వరు. నెయ్యి అసలే వద్దు, బయటి దేశాల పాల పదార్థాలు ప్రయాణికులు తేకూడదు.

నెయ్యి లేకుండా కందిపొడి ఎలా తింటారని అమ్మగారు అడుగుతారు. అక్కడ ఉప్పు వేయని వెన్న దొరుకుతుంది, కొనుక్కుని సన్నటి మంట మీద కాచుకోండి. పొగ అలారం ఎక్కడ ఉందో చూసుకుని మాత్రమే. మేము చూసుకోలేదు, బుడాపెస్ట్‌లో రాత్రి పదకొండింటికి హాస్టల్ మొత్తం వీధిలోకి వచ్చి నిలబడింది.