జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేసేవారికి పరదేశాల చట్టాలు ఎందుకు?

ప్రశ్న (ఎల్ఎల్‌బీ రెండో సంవత్సరం, నల్లగొండ):
చదువు పూర్తయ్యాక ఇక్కడి జిల్లా కోర్టులోనే ప్రాక్టీసు పెట్టాలనుకుంటున్నాను. భూతగాదాలు, చెక్ బౌన్స్ కేసులు చూసుకునేవారికి తులనాత్మక న్యాయశాస్త్రం (వివిధ దేశాల చట్టాలను పోల్చి చూసే సబ్జెక్టు) ఏ విధంగా అక్కరకు వస్తుంది? మన రాజ్యాంగంలోకి ఐర్లాండ్ నుంచి ఆదేశిక సూత్రాలు, ఆస్ట్రేలియా నుంచి ఉమ్మడి జాబితా అంటూ గ్రూప్-2 కోసం బట్టీ పట్టిన పట్టికనే మళ్లీ చదువుతున్నట్లుంది. అనుభవజ్ఞులు చెప్పగలరని మనవి.

జవాబు (న్యాయవాది, మిర్యాలగూడ):
తమ్ముడూ, ఏది ఎక్కడినుంచి తెచ్చారన్నదానికంటే ఏది ఎందుకు వద్దనుకున్నారన్నది అడిగితే ఈ సబ్జెక్టు రుచి తెలుస్తుంది. అమెరికా రాజ్యాంగంలోని 'డ్యూ ప్రాసెస్' (న్యాయబద్ధమైన ప్రక్రియ) అన్న మాటను మనవాళ్లు కావాలనే పక్కన పెట్టారు. రాజ్యాంగ సలహాదారు బి.ఎన్.రావు అమెరికాలో అక్కడి సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్‌తో మాట్లాడి వచ్చాక, ఆ మాట ఉంటే చట్టసభల నిర్ణయాలను న్యాయమూర్తులు తోసిపుచ్చుతారన్న జంకు బలపడి, ప్రాణానికి, వ్యక్తి స్వేచ్ఛకు రక్షణనిచ్చే 21వ అధికరణంలో 'చట్టం నిర్దేశించిన పద్ధతి' చేరింది. 1950లో గోపాలన్ కేసులో సుప్రీంకోర్టు ఆ మాటను అక్షరాలా పట్టుకుని, చట్టంలో పద్ధతి ఉంటే చాలంది. 1978లో మేనకా గాంధీ కేసులో ఆ పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండాలనడంతో గుమ్మంలో ఆపిన భావమే దొడ్డిదారిన లోపలికి వచ్చింది (ఈ మాట కొందరు సీనియర్లకు నచ్చదు). మీరు రేపు వేసే బెయిలు పిటిషన్‌కు బలం అక్కడిదే.

జవాబు (న్యాయశాస్త్ర అధ్యాపకురాలు, మహబూబ్‌నగర్):
నేను పాఠం హైదరాబాద్‌కు తాగునీరిచ్చే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ దగ్గర మొదలుపెడతాను. ఆ జలాశయాలకు 10 కిలోమీటర్ల లోపు పెట్టదలచిన నూనె పరిశ్రమకు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి నిరాకరించగా, అప్పీలులో ఇవ్వమన్నారు. 1999లో సుప్రీంకోర్టు ఆ వివాదాన్ని పరిశీలిస్తూ, న్యాయమూర్తులతోపాటు నిపుణులూ కూర్చునే ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ పర్యావరణ కోర్టును ప్రస్తావించింది. తీర్పు రాసిన జస్టిస్ ఎం. జగన్నాథరావు అధ్యక్షతనే లా కమిషన్ 2003లో పర్యావరణ కోర్టులు కావాలని సిఫారసు చేసింది. 2010లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం వచ్చింది. మూసీ నీటితో పొలం పారించుకునే మీ జిల్లా రైతు కాలుష్యంపై ఫిర్యాదు చేయాలంటే ఆ ట్రిబ్యునల్ తలుపు తట్టవచ్చు. కనుక మీ ప్రశ్నలోని 'ఇక్కడ', 'అక్కడ' మీరనుకున్నంత దూరంగా లేవు.

జవాబు (న్యాయవాది, నాగర్‌కర్నూల్):
పైవారితో ఏకీభవిస్తూనే ఒక జాగ్రత్త చెబుతాను. విదేశీ తీర్పు మన కోర్టుకు దారి చూపవచ్చు గాని, దాన్ని పాటించి తీరాలన్న నియమం లేదు. ప్రాక్టీసు కొత్తలో ఒక ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) పిటిషన్‌పై ఇంగ్లండ్ తీర్పు పట్టుకుని అరగంట వాదించాను. ఎదుటి వకీలు లేచి, ఇంజంక్షన్ ఎప్పుడు ఇవ్వకూడదో చెప్పే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 41వ సెక్షన్ చదివి కూర్చున్నారు. ముందు మన సెక్షన్ చూసుకుని, అది తేల్చని చోటే పరదేశ తీర్పుల దగ్గరికి వెళ్లండి.