కారు డాష్‌బోర్డులో స్క్రీన్: ఇంట్లో బిగించుకోవచ్చా, షాపుకే పోవాలా?

గుత్తిరోడ్డు (అనంతపురం):
అన్నలూ, ఇది కొంచెం తేల్చి చెప్పండి. మాది 2014 వేగన్ఆర్. స్టీరియో మూగబోయి ఆరు నెలలైంది. ఇంట్లో పాత 8 అంగుళాల టాబ్లెట్ ఊరికే పడి ఉంది. స్టీరియో తీసేసి ఆ ఖాళీలో టాబ్లెట్ కూర్చోబెట్టి, చుట్టూ ఎంసీల్‌తో ఫ్రేమ్ కట్టి, గరుకు కాగితంతో రుద్ది నల్ల స్ప్రే కొడితే కంపెనీది మాదిరే ఉంటుందని నా ఆలోచన. మా బావమరిది మాత్రం "వైర్లతో ఆటలొద్దు, షాపులో ఇచ్చేయ్" అని పట్టుబట్టి కూర్చున్నాడు. ఇది ఇంట్లో చేసుకునే పనేనా, కాదా?

ఆటో ఎలక్ట్రీషియన్ (కర్నూలు):
కాదు. ఇదే పని చేసి బతికేవాణ్ణి కాబట్టి బేరం కోసం చెబుతున్నానని అనుకోవద్దు. ఇంట్లో బిగించి, చెడిపోయాక నా దగ్గరికి తెచ్చిన బండ్లు చాలా చూశాను. అన్నిటికంటే ఎక్కువ కనిపించే తప్పు ఒకటుంది. స్టీరియోకి పసుపు వైరు, ఎరుపు వైరు రెండూ వస్తాయి. పసుపుకి కరెంటు ఎప్పుడూ ఉండాలి, ఎరుపుకి తాళం తిప్పినప్పుడే రావాలి. ఇంట్లో చేసేవాళ్లు రెండూ కలిపి చుట్టేస్తారు. స్క్రీన్ వెలుగుతుంది, సంతోషం. కానీ బండి ఆపినా అది నిద్రపోదు. అర ఆంపియర్ చొప్పున లాగుతున్నా 35 ఏహెచ్ (అంటే అర ఆంపియర్ చొప్పున 70 గంటలు ఇచ్చే) బ్యాటరీ మూడు రోజుల్లో ఖాళీ. నాలుగో పొద్దున సెల్ఫ్ కొట్టదు. ఇంకో తప్పు, స్పీకర్ మైనస్‌లన్నీ కలిపి బాడీకి ఎర్త్ ఇవ్వడం. ఇప్పటి స్టీరియోల్లో అలా చేస్తే లోపల ఆంప్లిఫయర్ (సౌండు పెంచే భాగం) చిప్ కాలిపోతుంది. డాష్‌బోర్డు లోపల పసుపు కప్లర్లు (వైర్లను కలిపే ప్లాస్టిక్ ప్లగ్గులు) కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్‌వి, వాటికి మీటర్ (కరెంటు చూసే మల్టీమీటర్) కూడా ఆనించకూడదు. ఇవన్నీ ఒక్క ఆదివారం వీడియో చూసి నేర్చుకునేవి కావు అప్పా.

ఏడురోడ్లు (కడప):
అన్న చెప్పిన తప్పులన్నీ నిజమే, కానీ దాన్నిబట్టి షాపుకే పోవాలన్న మాట నేను ఒప్పుకోను. నేను ముందు షాపులోనే ఇచ్చాను. గంటలో అయిపోయింది. రెండేళ్ల తరువాత డోరు స్పీకర్ గరగరమంటుంటే విప్పి చూశాను. కంపెనీ కప్లర్‌ను కత్తిరించి పక్కన పారేసి, ప్రతి వైరునూ చేత్తో మెలితిప్పి టేపు చుట్టారు. మా ఎండకు ఆ టేపు జిగురు కరిగి జారిపోయింది, రెండు జాయింట్లు ఒట్టి రాగితో బయటికి తేలి ఉన్నాయి. అది చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు, ఆ బండిలో రోజూ పిల్లల్ని బడికి దించేవాణ్ణి. ఆ తరువాత మొత్తం నేనే చేసుకున్నా. మన మోడల్‌కు సరిపోయే కప్లర్ కొన్ని వందల్లో దొరుకుతుంది, ఒక కొన కంపెనీ సాకెట్‌లో, ఇంకో కొన కొత్త స్టీరియోలో, ఒక్క వైరు కూడా కత్తిరించే పని లేదు, రేపు బండి అమ్మాలన్నా పాతది మళ్లీ పెట్టేయొచ్చు. ముందు 10 నంబర్ పానాతో బ్యాటరీ మైనస్ తీసి పది నిమిషాలు ఆగాను. ప్యానెల్‌ను స్క్రూడ్రైవర్‌తో కాకుండా గుడ్డ చుట్టిన ప్లాస్టిక్ పట్టీతో లేపాను. విప్పే ముందు ప్రతిదీ ఫోన్‌లో ఫోటో తీసుకున్నా. అంతా కలిపి ఒక పూట. షాపువాడికి ఇంకో బండి కాచుకుని ఉంటుంది, నాకు ఉండదు. తేడా అక్కడే ఉంది.

కానీ తమ్ముడూ, ఆ టాబ్లెట్ ఆలోచన మాత్రం మానుకో. ఇది గట్టిగా చెబుతున్నా. మే నెలలో మన ఊళ్లలో బయటే 40 దాటుతుంది, అద్దాలు ఎత్తి ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు దానికన్నా ఎంతో ఎక్కువ కాలుతుంది, చెయ్యి పెట్టలేం. టాబ్లెట్‌లో ఉండేది లిథియం బ్యాటరీ. ఐప్యాడ్‌నే తీసుకో, వాడేటప్పుడు 35 డిగ్రీలు, ఊరికే పెట్టినా 45 డిగ్రీలు దాటకూడదని తయారు చేసినవాళ్లే చెబుతారు. ఆ వేడిలో రోజంతా ఛార్జింగ్‌లో ఉంటే బ్యాటరీ ఉబ్బుతుంది, నువ్వు దాని చుట్టూ ఎంసీల్‌తో గోడ కడుతున్నావు, ఉబ్బినా కనిపించదు, తియ్యడానికీ రాదు. కారు కోసం చేసిన స్క్రీన్‌లో అసలు బ్యాటరీ ఉండదు, నేరుగా బండి 12 వోల్టుల మీదే నడుస్తుంది. ఇంకోటి, టాబ్లెట్ హెడ్‌ఫోన్ సాకెట్‌తో డోరు స్పీకర్లు పలకవు, మధ్యలో ఆంప్లిఫయర్ పెట్టాలి.

హైవే మనిషి (డోన్):
ఎవరు బిగించాలన్నదే మాట్లాడుతున్నారు, బిగించాక అందులో ఏం చూస్తారన్నది ఎవరూ అనలేదు. నేను కర్నూలు, అనంతపురం మధ్య 44వ నంబర్ హైవే మీద వారానికి మూడుసార్లు తిరుగుతాను. రాత్రిపూట ముందుపోయే కార్లలో సినిమాలు ఆడుతుంటాయి, వెనక నుంచే బొమ్మ కనిపిస్తుంది. 80 స్పీడులో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. రెండు సెకన్లు తెర మీదికి చూస్తే 44 మీటర్లు గుడ్డిగా నడిపినట్టే. మధ్యలో గొర్రెల మంద అడ్డం రావచ్చు, రాంగ్ రూట్‌లో ట్రాక్టర్ రావచ్చు. స్టీరియోకి హ్యాండ్‌బ్రేక్ వైరు అని ఒకటి ఉంటుంది, బ్రేక్ లాగితేనే వీడియో ఆడాలని పెట్టింది అది. షాపులోనూ ఇంట్లోనూ దాన్ని నేరుగా ఎర్త్‌కి కలిపేస్తారు, బండి కదులుతున్నా బొమ్మ ఆడుతుంది. 2017 డ్రైవింగ్ నిబంధనల్లోనే బండి నడుస్తుండగా దారి చూసుకునే మ్యాప్‌కు తప్ప వీడియో ఆడించకూడదని ఉంది. ఎలక్ట్రీషియన్ అన్నా, మీరు దాన్ని ఎక్కడ కలుపుతారో చెప్పండి.

ఆటో ఎలక్ట్రీషియన్ (కర్నూలు):
దాచిపెట్టను. కస్టమర్ అడిగితే ఎర్త్‌కే ఇస్తాను, ఇవ్వకపోతే పక్క షాపుకి పోతాడు. అది తప్పేనని నాకు తెలుసు. మీరు రాసింది చదివాక, అడగనివాళ్లకైనా ఇకమీద సరిగ్గానే కలుపుతాను. కడప అన్న చెప్పిన కప్లర్ పద్ధతి మంచిదే, మీటర్ పట్టడం తెలిసినవాళ్లు చేసుకోవచ్చు. ఒక్కటి మరిచిపోవద్దు, కప్లర్ పెట్టినా వైర్ల రంగులు నమ్మవద్దు. కంపెనీ రంగులు వేరు, కొత్త స్టీరియో రంగులు వేరు. తాళం తీసేసి ఒకసారి, తిప్పి ఒకసారి మీటర్ పెట్టి చూసుకోండి. ఫ్యూజు స్టీరియో వెనక ఎంత రాసి ఉందో అంతే వేయాలి, మాటిమాటికి పోతోందని పెద్దది వేస్తే ముందు కాలేది వైరే. వెనక కెమెరా వైరు డిక్కీ తలుపు రబ్బరు గొట్టంలోంచి లాగాలి, అక్కడ మాత్రం చేయి తిరిగినవాళ్లే కావాలి, తలుపు తెరిచి మూసే కొద్దీ వైరు నలిగి తెగుతుంది.

గుత్తిరోడ్డు (అనంతపురం):
టాబ్లెట్ ఆలోచన మానుకున్నా. ఉబ్బే సంగతి నాకు తట్టనే లేదు. మా మోడల్‌కు 9 అంగుళాల స్క్రీన్, దాని ఫ్రేమ్, కప్లర్ తెప్పిస్తున్నాను, కాబట్టి ఎంసీల్ అక్కరలేదు. బిగించేది నేనే. బావమరిదికి మీటర్ పట్టే పని ఇచ్చాను. కెమెరా మాత్రం ఎలక్ట్రీషియన్‌తోనే వేయిస్తాను. హ్యాండ్‌బ్రేక్ వైరు బండిలో ఎక్కడ దొరుకుతుంది అన్నా?

ఆటో ఎలక్ట్రీషియన్ (కర్నూలు):
లివర్ కింద ప్లాస్టిక్ కవర్ తీస్తే చిన్న స్విచ్ ఉంటుంది, దానికి ఒకే వైరు వస్తుంది. లివర్ లాగితే ఆ వైరుకి ఎర్త్ తగులుతుంది, దింపితే పోతుంది. ముందు మీటర్‌తో అది చూసుకుని, కత్తిరించకుండా దానికే కలిపి, జాయింటు మీద స్లీవ్ (ప్లాస్టిక్ తొడుగు) వేయండి.