నౌకాదళ జెండాపై నీలి అష్టభుజి: ముద్రగా బాగుంది, జెండాగా కంటికి ఆనుతుందా?

తెరచాప: 2022 సెప్టెంబర్ 2న కొచ్చిలో విమానవాహక నౌక విక్రాంత్‌ను నౌకాదళంలో చేర్చిన రోజే కొత్త జెండా కూడా వచ్చింది. బ్రిటిష్ కాలం నాటి సెయింట్ జార్జ్ ఎర్ర శిలువ తీసేసి, శివాజీ రాజముద్ర స్ఫూర్తితో నీలి అష్టభుజి పెట్టారు. చుట్టూ రెండు బంగారు అంచులు, లోపల డాలు మీద లంగరు, దానిపైన మన జాతీయ చిహ్నం సింహాలు, నౌకాదళ నినాదం ‘శం నో వరుణః’. శిలువ పోవాల్సిందే, అక్కడ నాకు పేచీ లేదు. కానీ 2001లోనూ ఇలాగే శిలువ తీసి నీలి చిహ్నం పెట్టారు. సముద్రం, ఆకాశం రంగుల్లో కలిసిపోతోందని 2004లో మళ్లీ శిలువే తెచ్చారు. ఒకసారి దెబ్బతిన్నాక కూడా నీలమేనా?

గట్టుమీదోడు: అప్పుడు తెలుపు మీద చిహ్నం ఒక్కటే కదండీ. ఇప్పుడు అష్టభుజి నిండా నీలం పోశారు, అంచు కట్టారు. ఎనిమిది వైపులంటే ఎనిమిది దిక్కులు. నౌకాదళానికి ఇంతకంటే తగిన ఆకారం ఏముంది?

తెరచాప: అర్థం బాగుంది, కాదనను. 2022 డిసెంబర్‌లో విశాఖ బీచ్‌లో నేవీ డే విన్యాసాలు చూశాను. ఒడ్డు నుంచి చూస్తే ఎనిమిది మూలలూ లేవు, లంగరూ లేదు, నల్లటి బొట్టులా ఉంది. (నా కళ్లద్దాలు మార్చాల్సిన మాట కూడా నిజమే.) పసుపును తెలుపు పక్కన పెట్టొద్దని చిహ్నాలు గీసేవాళ్లకు పాత నియమం ఒకటుంది. ఆ బంగారు అంచు తెల్లగుడ్డలో కలిసిపోతుంది.

లంగరు: వలస గుర్తు శిలువ ఒక్కటేనా? డాలు మీద చిహ్నం వేయడం కూడా యూరప్ పద్ధతే. సైన్యంలో మేజర్ భుజం మీద కిరీటం తీసి సింహాలు పెట్టాం, మిగతా అమరిక అలాగే ఉంచాం. ఆస్ట్రేలియా 1967లోనే తన నౌకాదళ జెండాలోంచి ఆ శిలువ తీసేసింది, బ్రిటన్ జెండా యూనియన్ జాక్ మాత్రం మూలన ఉంచుకుంది. ఎవరి లెక్క వాళ్లది.

గట్టుమీదోడు: అయితే ఏం చేయమంటారు, మళ్లీ శిలువా?

తెరచాప: అయ్యో, వద్దు. టోపీ మీద బ్యాడ్జిని మూరెడు దూరం నుంచి చూస్తాం, అక్కడ అక్షరాలు, లంగరు, డాలు అన్నీ ఉండనివ్వండి. స్తంభం మీద జెండాకు మాత్రం అష్టభుజిని పెద్దది చేసి, లోపల సింహాలు, లంగరు చాలు. అక్షరాలు ఎలాగూ ఎవరూ చదవలేరు.

లంగరు: అక్షరాలు తీస్తే వరుణుడు ఊరుకుంటాడా అని!