ఏడుపుకి ట్రైపాడ్ ఎందుకు?

వానమబ్బు: అమ్మ పోయిన ఏడు నెలలకి, ఆవిడ శాలువా కప్పుకుని చెరువు గట్టున నన్ను నేనే ఫొటోలు తీసుకున్నాను. ట్రైపాడ్, పది సెకన్ల టైమర్. అవి చూసి ఒక స్నేహితురాలు, "నిజంగా ఏడుపొచ్చేవాళ్ళకి ట్రైపాడ్ ఎలా గుర్తొస్తుంది?" అంది. మూడు రోజులుగా ఆ మాటే బుర్రలో తిరుగుతోంది. మీరేమంటారు?

ముక్కుసూటి: అన్నదాంట్లో తప్పేముంది? ఫ్రేమ్ చూసుకోవాలి, వెలుగు చూసుకోవాలి, సరిగ్గా రాకపోతే మళ్ళీ ఏడవాలి. మొదట్నుంచీ ఇదే వరస. 1840లోనే ఇపోలిత్ బాయార్ అనే ఫ్రెంచాయన, ఫొటోగ్రఫీ కనిపెట్టిన పేరంతా డాగేర్ కొట్టేశాడన్న ఉక్రోషంతో, నీళ్ళలో మునిగి చచ్చినట్టు తన ఫొటో తనే తీసుకున్నాడు. ఆ "శవం" తర్వాత 47 ఏళ్ళు బతికింది!

ఆకురాలు: ఉక్రోషం అబద్ధమా మరి? శవం నాటకమే, మంట నిజం. అనా మెందియేతా అనే కళాకారిణిని చూడండి. 1961లో, పన్నెండేళ్ళప్పుడు, అమ్మానాన్నల్ని, క్యూబాని వదిలి అమెరికా వెళ్ళాల్సొచ్చింది. 1973 నుంచి 1980 దాకా 'సిలువేటా' పేరుతో మట్టిలో, గడ్డిలో, ఇసుకలో తన ఒంటి ఆకారాన్నే చేసి ఫొటోలు తీసింది. మొదట్లో తనే పడుకునేది. పోనుపోను మనిషి ఉండదు, మనిషంత గుంట ఉంటుంది. ఇసుకలోది అలొస్తే చెరిగిపోయేది. ప్లాన్ చేసి తీసింది కాబట్టి అందులో బాధ లేదంటామా?

ముక్కుసూటి: ఆవిడ సంగతి వేరండీ, అక్కడ మొహమే లేదు. మొహం పెట్టి లైకులు లెక్కపెట్టుకునేవాళ్ళతోనే నా గొడవ.

కెమెరాసంచి: లెన్సుకి వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ పెట్టి, షట్టర్ 30 సెకన్లు తెరిచి ఉంచి, సగంలో ఫ్రేమ్‌లోంచి తప్పుకుంటే, మీ ఒంట్లోంచి వెనక చెట్లు కనిపిస్తాయి. ఎడిటింగ్ అక్కర్లేదు. కాకపోతే ఆ 15 సెకన్లు కదలకూడదు. నాన్న పోయాక నేనలా కూర్చున్నాను. ఫోన్ పట్టుకోకుండా, ఎవరికీ జవాబు చెప్పకుండా కూర్చున్నది ఆ రోజుల్లో అప్పుడే. నటనంటే అననివ్వండి.

వానమబ్బు: మొహం మాటొచ్చింది కాబట్టి చెప్తున్నా. పన్నెండు తీశాను. పదకొండింట్లో కుదురుగా కూర్చుని నీళ్ళకేసి చూస్తున్నాను. వాటిని చూస్తే నాకే ఎబ్బెట్టుగా ఉంది, ముక్కుసూటి గారూ, అవి మీకే వదిలేస్తున్నా. పన్నెండోదాంట్లో టైమర్‌ని అందుకోలేక పరిగెడుతున్నాను. శాలువా ఒక భుజం మీంచి జారి నేలమీద ఈడ్చుకుపోతోంది, మొహం అలుక్కుపోయింది. అమ్మ ఎక్కడికి బయల్దేరినా అంతే, ఆఖరి నిమిషంలో పరుగే. అది స్నేహితురాలికి చూపించలేదు.

ముక్కుసూటి: ఆ పన్నెండోది ఇక్కడ పెట్టండి, చూస్తాం.

వానమబ్బు: పెట్టనండీ.