సాషేకి ‘తావితిత్తి’ అనొచ్చా?

బీరువాలో చీరల మధ్య పెట్టడానికి నెల రోజులుగా చిన్న చిన్న వాసన మూటలు కుడుతున్నాను. కలరా ఉండల ఘాటు మా అమ్మాయికి పడదు. పాత రవికె గుడ్డ అరచేయంత కత్తిరించి, మూడు వైపులా కుట్టి తిరగేసి, వట్టివేళ్ల ముక్కలు, నీడన ఎండిన మరువం, దవనం, నాలుగు లవంగాలు నింపుతాను. ఒంటి పొర అయితే వట్టివేళ్ల మొనలు పొడుచుకొచ్చి పట్టుపోగులు లాగేస్తాయి. అందుకే లోపల మల్లుగుడ్డ. దవనంలో కాస్త తడి మిగిలినా బూజే.

పేరు దగ్గరే ఆగిపోయాను. ఇంగ్లీషులో ఇలాంటి మూటని సాషే అంటారు. కానీ సాషే అంటే మనకి షాంపూ పొట్లం. ‘వాసన సంచి’ అంటే పక్కింటావిడ చెయ్యి ముక్కు మీదికి పోతుంది! సంస్కృతంలో వాసన అంటే పరిమళం పట్టించడం కూడా. మన వాడుకలో మాత్రం ‘వాసనొస్తోంది’ అంటే పప్పు పాచిపోయిందనే.

నాకు తట్టింది తావితిత్తి. ‘పసిడికి తావి అబ్బినట్టు’ అన్నప్పటి తావి, అంటే పరిమళం. తిత్తి మా అవ్వ మాట. ఆమె రొండిన దోపుకునే వక్కాకు తిత్తికి దారం లాగితే మూతి ముడుచుకునేది. ఒక అరలో వక్కలు, ఒక అరలో సున్నం డబ్బీ. అవ్వ పోయిన చాలా ఏళ్లకి కూడా ఆ గుడ్డలో ఆకూ లవంగమూ కలిసిన వాసన ఉండేది.

చిత్తూరు నుంచి ఒక జవాబు:
అక్కా, తిత్తి అంటే నాకు ముందు ‘తిత్తి తీస్తా’ అనే తిట్టు గుర్తొస్తుంది. పైగా తోలుతిత్తి, కొలిమితిత్తి అన్నీ మోటు వస్తువులే. ‘వలపు సంచి’ బాగుండదా? నిఘంటువుల్లో వలపుకి ప్రేమతో పాటు సువాసన అనే అర్థమూ ఉంది.

నా జవాబు:
వలపు ఎంతో అందమైన మాట తమ్ముడూ. కానీ అంగట్లో నిలబడి ‘వలపు సంచి ఇవ్వండి’ అని ఏ ఆడపిల్ల అడుగుతుంది? కొలిమితిత్తి, ఊపిరితిత్తి చూడు, రెండూ గాలి పీల్చి వదిలేవే. సంచి మోస్తుంది, తిత్తి ఊపిరి తీస్తుంది. ఈ గుడ్డమూటా అంతే. వాసన మందగించినప్పుడు గుప్పిట్లో పెట్టి నలిపితే లోపలి ఆకు చిట్లి మళ్లీ గుప్పుమంటుంది. అందుకే సంచి అనడానికి నాకు మనసొప్పదు.

ఇంకొకరు:
తిరుపతిలో ఉంటూ పచ్చకర్పూరం వేయలేదా అమ్మా?

నా జవాబు:
వేశానండీ. గోవిందరాజస్వామి గుడి దగ్గర కొన్నాను. చీర మడత విప్పగానే తీర్థం చేతిలో పోసినట్టే ఉంది. కానీ కర్పూరం కదా, నెల తిరక్కుండానే హరించుకుపోయింది. వట్టివేళ్లే నిలిచాయి.

మొన్న హాస్టల్‌కి బయల్దేరుతూ మా అమ్మాయి, ‘అమ్మా, పెట్టెలో రెండు తిత్తులు పెట్టు’ అంది. తావి అనలేదు, వట్టి తిత్తులే అంది.