వరద భయానికి ప్రాణాయామం ఒక్కటే సరిపోతుందా?

ప్రశ్న (రాజోలి నుంచి): 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి మా ఊరు మునిగినప్పటి నుంచి, గట్టి వాన పడిన రాత్రి మా చిన్నమ్మ నిద్రపోకుండా సామాను మూటగట్టుకొని కూర్చుంటుంది. శ్వాస సాధనతోనే తగ్గుతుందని ఇక్కడి యోగా మాస్టారు అంటున్నారు. కౌన్సెలింగ్‌కు కూడా తీసుకువెళ్లాలా?

జవాబు (నల్లగొండ నుంచి): 2004 సునామీ బాధితులు 183 మందిపై జరిపి 2010లో ప్రచురించిన అధ్యయనంలో కొన్ని శిబిరాల వారికి యోగ శ్వాస మాత్రమే నేర్పారు, కొన్నింటిలో దానితోపాటు జరిగినదాన్ని మాటల్లో చెప్పించే చికిత్స జోడించారు, మిగిలినవారిని ఆరు వారాలు వేచి ఉండమన్నారు. శ్వాస నేర్చిన రెండు వర్గాల్లోనూ భయం, దిగులు బాగా తగ్గాయి. మాటల చికిత్స వల్ల అదనపు మేలు స్పష్టంగా కనిపించలేదు. అయితే వారిని చీటీలు తీసి విభజించలేదు కనుక, దీన్నే తుది తీర్పుగా నేను తీసుకోను.

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి): మాస్టారు గారు భస్త్రిక వంటి వేగమైన శ్వాసతో మొదలుపెట్టకుండా చూడండి, ఎందుకంటే అది కొందరిలో గుండెదడను, ఆందోళనను పెంచుతుంది, నెమ్మదిగా, నిశ్వాసం పొడవుగా ఉండేలా చేయించడం మేలు. ఇన్నేళ్లుగా తగ్గని భయానికి మాత్రం శిక్షణ పొందిన వారితో దశలవారీగా సాగే మాటల చికిత్స అవసరమనే నా అభిప్రాయం. ఇంట్లోవారు బలవంతంగా ఆ రాత్రి సంగతి చెప్పించడం (మన దగ్గర ఇది మామూలే) చికిత్స కాదు. ముందుగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు.